ఉమ్మడి గదిలో ఎవరి అర వారిది

మా అపార్టుమెంటు కింద, వాచ్‌మన్ గదికి ఆనుకుని ఇంకో చిన్నగది ఉంది. విరిగిన క్యారమ్ బోర్డు, పాత కుర్చీలు, వినాయక చవితి పందిరి తాలూకు గుడ్డలు అన్నీ అందులో పడేసేవాళ్లం. ఇప్పుడందులో ఒక కంప్యూటరు ఉంది. మూడో అంతస్తు ఆయన తమ ఆఫీసులో తీసేస్తూంటే అడిగి తెచ్చిపెట్టారు. తాళంచెవి మాత్రం నా చేతికిచ్చారు. రిటైరైన లెక్కల టీచరుకి అంతకంటే పనేముంటుంది అనుకున్నారు కాబోలు.

యంత్రం ఒక్కటే గాని వాడేవాళ్లం పదకొండుమందిమి. ఇంటర్ చదివే కుర్రాళ్లిద్దరు, వాచ్‌మన్ కూతురు, అమెరికా మనవలతో మాట్లాడే బామ్మగారు, వెనక సందులో బట్టలు కుట్టే ఆమె, ఇలా అన్నమాట. ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డు వారిది. ఆ కుట్టుపనామె అందరికంటే శ్రద్ధగా వచ్చేది. ఎవరి జాకెట్టు కొలతలేమిటి, ఎవరెంత బాకీ అన్నవన్నీ అందులో రాసుకునేది. కూతురి స్కాలర్‌షిప్పు దరఖాస్తు కూడా తనే నింపుతానని పట్టుబట్టి మొదలుపెట్టింది.

ఆమె ఉన్నట్టుండి రావడం మానేసింది. పదిరోజుల తరవాత కూరగాయల బండి దగ్గర కనిపిస్తే పట్టుకుని అడిగాను. బెండకాయ తుంచుతున్నదల్లా ఆగి, గొంతు తగ్గించి, "అమ్మా, కింద పట్టీ కనిపిస్తలేదు. నేనేమన్న ఖరాబ్ చేసిన్నా?" అంది. దరఖాస్తు గడువు దగ్గరికొస్తుంటే, మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటరుకి డబ్బులిచ్చి నింపించుకుందట. నాకు మొహం చూపించలేక అటువైపే రాలేదట.

ఖరాబు చేసింది ఆమె కాదు. నేను. అదెలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఉమ్మడి యంత్రాలు మా తూర్పు హైదరాబాదుకి కొత్తవేమీ కావు. మా నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా కాస్త దూరం వెళితే ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. అణుశక్తి శాఖ కింద 1967లో డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి చేతులమీదుగా మొదలైన సంస్థ. ఇవాళ ఏ.ఎస్. రావు నగర్ అని ఆటోవాడికి చెప్పి ఎక్కుతామే, ఆ రావుగారే ఈయన. ఆడవాళ్లకు ఆ సంస్థ పేరు కంప్యూటరు వల్ల తెలియలేదు, ఇ.సి. టీవీ వల్ల తెలిసింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. దాని కేంద్రం కూడా ఉప్పల్ పక్కనే, రామంతపూర్‌లో. మా వీధిలో ఒక్కరింట్లోనే టీవీ ఉండేది. చిత్రలహరి రోజున ఆ ఇంటి హాల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. వెలుతురు ఎక్కువైందని ఒకావిడ బొత్తాం ఇటు తిప్పితే, ఏమీ కనబడటం లేదని ఇంకొకావిడ అటు తిప్పేది. ఇంటావిడ కాసేపు ఓపిక పట్టి, చివరికి టీవీ మీద క్రోషియా గుడ్డ కప్పి బొత్తాలు కనబడకుండా చేసేది. ఒకే బొత్తాం, ఇరవైమంది కళ్లు. అంతకుమించి ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు?

అదే ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లూ చేసింది. 1969 నాటి ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, అంటే టీడీసీ 12తో మొదలుపెట్టి, 1970ల మధ్యకల్లా టీడీసీ 312, టీడీసీ 316 దాకా వచ్చారు. ఐ.బి.ఎం. వాళ్లు 1978లో మన దేశం వదిలి వెళ్లిపోయినప్పుడు, మనవాళ్లు చేసిన యంత్రాలంటూ చెప్పుకోవడానికి ఇవి ఉన్నాయి. ఆ కాలపు పెద్ద కంప్యూటరంటే ఇంట్లో పెట్టుకునేది కాదు. చల్లటి గదిలో బీరువాల్లా నిలబడి ఉంటే, బయట జనం చిల్లులు పొడిచిన కార్డుల కట్టలు పట్టుకుని కాచుకునేవారు. రేషన్ షాపు వరసే అనుకోండి. మీ కట్ట ఇచ్చి వెళ్లిపోతే మర్నాడో ఎల్లుండో జవాబు కాగితం చేతికొచ్చేది. ఆ యంత్రం దగ్గర 'నాది' అనుకోదగ్గదేదీ ఉండేది కాదు.

'నాది' అన్నమాట కంప్యూటరులోకి వచ్చిందెప్పుడంటే 1961 నవంబరులో. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో అనే ఆయన, ఆయన తోటివారు ఒక ఏర్పాటు చేసి చూపించారు. ఒకే యంత్రానికి నాలుగైదు టైపు మిషన్లలాంటివి తగిలించి, కంప్యూటరు ఒకరి పని రవ్వంతసేపు, వెంటనే ఇంకొకరి పని రవ్వంతసేపు చేసేటట్టు అమర్చారు. నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టి, ఒకదాని తరవాత ఒకటి కలియబెట్టే ఇల్లాలికి ఇదేమీ వింతగా తోచదు. కాని కూర్చున్న ప్రతివాడికీ యంత్రం తనదొక్కడిదే అనిపించింది. ఎవరి కాగితాలు వారికే ఉండాలి గనక ఎవరి పేరు, పాస్‌వర్డు వారికి ఇవ్వవలసి వచ్చింది.

ఇందులో 1966లో ఒక తమాషా జరిగింది. యంత్రం చూసుకునే వారిద్దరు ఒకే సమయంలో పనిచేస్తున్నారు. ఒకరు అందరికీ స్వాగతం చెప్పే ఆనాటి ప్రకటన దిద్దుతుంటే, ఇంకొకరు పాస్‌వర్డుల పట్టిక దిద్దుతున్నారు. దిద్దే ప్రోగ్రాము తన చిత్తుప్రతికి ఎప్పుడూ ఒకే పేరు పెడుతుంది. పెత్తందారు ఒక్కడే ఉంటాడని దాన్ని రాసినవాళ్లు అనుకున్నారు మరి. రెండు చిత్తులూ తారుమారైపోయాయి. ఆ తరవాత లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగత వాక్యానికి బదులు, అందరి పాస్‌వర్డులూ వరసగా అచ్చయి వచ్చాయి! కార్బటోగారికి 1990 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానం వచ్చినప్పుడు ఆయనే తన ఉపన్యాసంలో ఈ సంగతి చెప్పుకున్నారు. పెద్దమనిషి కదూ. అత్తగారు, కోడలు ఒకే పోపులపెట్టెలో వేళ్లు పెట్టినప్పుడు మా ఇంట్లో కూడా ఇలాంటివి జరిగాయి గాని, వాటిని నేనే వేదిక మీదా చెప్పలేదు.

తరవాత 1969లో బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కలిసి యూనిక్స్ మొదలుపెట్టారు. నా గదిలోని లినక్స్‌కి అది పెదతల్లి వరస. ఉమ్మడి ఇంటి కట్టుబాట్లన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి. వాడేవారందరికీ తలా ఒక గది. దాన్ని 'హోమ్' అనే అంటారు. అందరికీ పనికొచ్చే సామాను వేరే కొట్టులో ఉంటుంది. కొట్టు తాళాలు 'రూట్' అనే పెత్తందారు దగ్గరుంటాయి. ఎవరి గదిలో ఏం మార్చుకున్నా పక్కవారికి తగలదు. కొట్టులో ఒక్క సీసా జరిపితే మటుకు అందరికీ తగులుతుంది.

ఇంకో చిత్రం. ఎవరి ఇష్టాయిష్టాలు వారి గదిలోనే, పైకి కనబడని ఫైళ్లలో దాగుంటాయి. ఆ ఫైళ్ల పేర్లు చుక్కతో మొదలవుతాయి. చుక్క ఉంటే కనబడకపోవడం అనేది ఎవరూ ఆలోచించి పెట్టింది కాదట. జాబితా వేసే ప్రోగ్రాములో రెండు అనవసరపు పేర్లను దాచడానికి ఎవరో అడ్డదారి తొక్కితే, చుక్కతో మొదలయ్యేవన్నీ మాయమైపోయాయనీ, ఇదేదో బాగుందని అందరూ తమ చిల్లర సామానంతా అక్కడే దాచడం మొదలెట్టారనీ ఆ బృందంలోనే పనిచేసిన రాబ్ పైక్ రాశారు. బియ్యం డబ్బా వెనక అమ్మమ్మ దాచుకున్న చిల్లర లాంటిదన్నమాట. ఈ చుక్కల ఫైళ్లతోనే నా కథకి ముడి ఉంది.

ఇక బొమ్మల తెర సంగతికి వస్తాను. లినక్స్‌కి ఉచితంగా, అందమైన ముఖం ఒకటి తయారుచేద్దామని మెక్సికో కుర్రాళ్లు మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా ప్రకటించారు. ఆ రోజు 1997 ఆగస్టు 15. మనం స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని జెండాలు కట్టుకుంటున్న రోజే. దాని పేరు గ్నోమ్. దేశదేశాల వాళ్లు జీతం లేకుండా దానికి చాకిరీ చేశారు. మెనూలు తెలుగులోకి మార్చినవారూ ఉన్నారు. మన హైదరాబాదులోనే 'స్వేచ్ఛ' వారు తెలుగు లినక్స్ తయారుచేశారు, పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అని వేరే ఒకటి చేశారు. మా కుట్టుపనామె ధైర్యంగా కూర్చోగలిగింది తెర మీద తెలుగు కనబడబట్టే.

చాలా ఏళ్లు గ్నోమ్ తెర అడుగున ఒక పట్టీ ఉండేది. తెరిచిన కాగితాలన్నీ దాని మీద వరసగా కనబడేవి. కావలసిన దాని మీద నొక్కితే పైకి వచ్చేది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. కొత్త కోడలు వచ్చి వంటిల్లు సర్దినట్టు అన్నీ మార్చేశారు. పట్టీ లేదు, తెర మీద బొమ్మలు లేవు, కాగితాన్ని కిందికి దించే బొత్తాం కూడా తీసేశారు. ఖాళీగా, ప్రశాంతంగా ఉండాలని వాళ్ల ఉద్దేశం. ఏళ్ల తరబడి అలవాటుపడిన వాళ్లు మాత్రం లబోదిబోమన్నారు. నాకైతే ఇద్దరి బాధా అర్థమవుతుంది. కొత్త వంటిల్లు శుభ్రంగానే ఉంటుంది, ఇంగువ డబ్బా కనబడదంతే.

అలా పోయిన వాటిని ఎవరికి కావలసినవి వారు తిరిగి తెచ్చుకోవడానికే ఎక్స్‌టెన్షన్లు పుట్టుకొచ్చాయి. వాటిని అందరికీ అందించే చోటొకటి ఆ ఏడాది డిసెంబరులోనే గ్నోమ్ వాళ్లే తెరిచారు. చీర కొన్నాక ఫాల్ కుట్టించుకుని అంచుకి పీకో వేయించుకున్నట్టు, తెరకి మనమే తగిలించుకునే చిన్న చిన్న ముక్కలివి. పట్టీ తెచ్చే ఎక్స్‌టెన్షన్ పేరు విండో లిస్ట్. 2013లో గ్నోమ్ వాళ్లే ఇలాంటివి కొన్ని కలిపి, పాత అలవాటు వదలని వాళ్ల కోసం 'క్లాసిక్' అని ఒక వరస ఇచ్చారు. మరుసటి ఏడాది ఆఫీసుల కోసం రెడ్‌హ్యాట్ తెచ్చిన లినక్స్‌లో మొట్టమొదట కనబడే తెర అదే. అంటే లబోదిబోమన్న వాళ్లు తక్కువమందేమీ కారు.

సొంత కంప్యూటరైతే ఇంతటితో కథ అయిపోను. ఉమ్మడి యంత్రం గనకనే పేచీ.

ఎక్స్‌టెన్షన్ని రెండుచోట్ల పెట్టవచ్చు. వాడేవారు తమ గదిలో పెట్టుకుంటే వారికే కనబడుతుంది. పెత్తందారు కొట్టులో పెడితే అందరికీ అందుతుంది. అందడం వేరు, వెలగడం వేరు. కొట్టులో ఉన్నంతమాత్రాన అందరి తెర మీదా వెలిగిపోదు. వెలగవలసినవి ఏవేవో ఒక పట్టికలో ఉండాలి. ఆ పట్టిక ఎవరిది చెల్లుతుందనేదే అసలు ప్రశ్న. అన్నిటికన్నా అడుగున గ్నోమ్ తయారుచేసినవారి ఇష్టం, దాని మీద పెత్తందారు ఇష్టం, దాని మీద వాడేవారి ఇష్టం. పైనున్నదే చెల్లుతుంది. విందులో పప్పుచారు అందరికీ ఒకేలా వడ్డించి, విస్తరి చివర ఉప్పు వేస్తాం చూడండి, అలాంటిది. కావలసినవారు కలుపుకుంటారు. అయితే పెత్తందారుకి ఒక తాళం కూడా ఇచ్చారు. ఏ విషయం మీదైనా ఆ తాళం వేస్తే, దాంట్లో వాడేవారి ఇష్టాన్ని యంత్రం లెక్కచెయ్యదు. విస్తరిలో ఉప్పు ఎత్తేసినట్టే.

ఈ తాళం సంగతి నాకెలా తెలిసిందంటే, ఇంటర్ కుర్రాళ్ల వల్ల. ఒకడు తన గదిలో, కాగితం మూసినప్పుడల్లా అది మంటల్లో కాలిపోతున్నట్టు కనబడే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాడు. ముచ్చటగానే ఉంది. కాని ఈ ముక్కలు వేరేగా నడవవు, తెర నడిపే ప్రోగ్రాము కడుపులోనే నడుస్తాయి. అందులో ఒక్కటి మొరాయిస్తే తెరంతా బిగుసుకుపోతుంది. పైగా గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ కొత్తది వస్తుంది. పాత ముక్కలు కొత్తదానికి పొసగకపోవడం మామూలే. 2023 సెప్టెంబరులో వచ్చిన 45కైతే ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నీ తిరగరాసుకోవలసి వచ్చింది, వాటిని లోపలికి తెచ్చుకునే పద్ధతే మార్చారు గనక. మా కుర్రాడి మంటలు వారానికి రెండుసార్లు తెరను బిగించేసేవి. వాడు ఆ యంత్రాన్ని అలాగే వదిలేసి క్రికెట్‌కి పోయేవాడు. తరవాత వచ్చిన బామ్మగారు కదలని తెర ముందు కూర్చుని, "అమెరికాలో వీళ్లంతా ఎందుకలా బిగుసుకుపోయారే" అని కంగారుపడేది.

నాకు ఒళ్లు మండింది. మా అబ్బాయిని ఫోనులో అడిగి, వాడు చెబుతుంటే కాగితం మీద రాసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని తాళం వేసేశాను. వెలగవలసిన వాటి పట్టికని ఖాళీగా పెట్టి, దాని మీద తాళం. ఎవరికీ ఏ ఎక్స్‌టెన్షనూ వెలగదు. అందరికీ ఒకటే తెర, గొడవ వదిలింది. "అందరికీనా అమ్మా?" అని మా అబ్బాయి ఒకసారి అడిగాడు. ముప్ఫైరెండేళ్లు క్లాసు నడిపినదాన్ని, "అందరికీనే" అన్నాను. ఒకడు ఇంకు చల్లితే క్లాసు మొత్తం పెన్నులు తీసుకున్న రోజులు గుర్తుకొచ్చాయి, గర్వంగానే.

కుట్టుపనామె గదిలో విండో లిస్ట్ ఉందని నాకప్పుడు గుర్తే లేదు. వాచ్‌మన్ కూతురు ఎప్పుడో ఆమెకి పెట్టి ఇచ్చింది. దరఖాస్తు ఒకవైపు, సర్టిఫికెట్ల ఫోటోలు ఒకవైపు తెరుచుకుని, అడుగు పట్టీ మీద నొక్కి అటూ ఇటూ మార్చుకోవడం ఆమెకి చేతనైంది. ఆదివారం నేను తాళం వేశాను. సోమవారం ఆమె వచ్చి ఫోటో తెరిచేసరికి, దాని వెనక దరఖాస్తు కనబడకుండా పోయింది. నిజానికి అక్కడే ఉంది, దాన్ని పిలిచే దారి లేదంతే. రెండు గంటలు అలా కూర్చుని లేచి వెళ్లిపోయింది. ఇంట్లో కంప్యూటరున్న మనిషైతే యంత్రాన్ని తిట్టేది. కొడుకుని కేకేసేది. ఊళ్లో ఉమ్మడి యంత్రం తప్ప గతిలేని మనిషి మాత్రం తప్పు తనదే అనుకుంటుంది. కూరగాయల బండి దగ్గర ఆమె గొంతు తగ్గించి అడిగినప్పుడు నాకు తట్టింది అదే. నేను చక్కబెట్టానని సంబరపడింది నాలాంటి వాళ్లకోసం. నాకు ఇంట్లో ఇంకోటి ఉంది.

ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాను. ఈసారి మా అబ్బాయి చెప్పకుండానే చెయ్యగలిగాను. విండో లిస్ట్‌ని కొట్టులో పెట్టాను. నా పట్టికలో దాన్నొక్కదాన్నే చేర్చాను, ఇక ముందు కొత్తగా వచ్చేవాళ్లకి అడగకుండానే పట్టీ కనబడేటట్టు. తాళం తీసేశాను. ఇక కుట్టుపనామె గదిలోకి వెళ్లి ఆమెకి పట్టీ మళ్లీ పెట్టివ్వాలి కదా, ఆమె పాస్‌వర్డు అడగాలి కదా అనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు బతిమాలి తీసుకొచ్చాను. తన పేరు కొట్టి, పాస్‌వర్డు కొట్టింది. నేను కళ్లజోడు సవరించుకుని ఎక్కడ మొదలెట్టాలా అని చూస్తున్నాను. అడుగున పట్టీ వచ్చేసి ఉంది. ఎవరూ పెట్టలేదు. అప్పటికి గాని నాకు తెలియలేదు: తాళం ఆమె ఇష్టాన్ని చెరిపెయ్యలేదు. ఆమె గదిలో, ఆ చుక్క ఫైళ్లలో, వాచ్‌మన్ కూతురు రాసిపెట్టిన మాట రాసినట్టే ఉంది. యంత్రం దాన్ని చదవడం మానేసింది అంతే. తాళం తియ్యగానే మళ్లీ చదివింది.

"వచ్చింది కదమ్మా!" అంది ఆమె. కుర్చీ దగ్గరికి లాక్కుని, కొలతల కాగితం తెరిచి, ఎవరిదో నడుము ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫైకి దిద్దింది.

ఆ సాయంత్రం మెట్ల మీద ఇంటర్ కుర్రాడు ఎదురై, మొహమంతా నవ్వుతో, "ఆంటీ, తాళం తీసేశారా?" అన్నాడు. వాడి చుక్క ఫైళ్లు కూడా చెరగలేదు మరి. కిందికి దిగి చూస్తే, వాడు తెరిచిన కాగితాలు ఒక్కొక్కటీ శుభ్రంగా మంటల్లో కాలిపోతున్నాయి. బామ్మగారు గుమ్మంలో నిలబడి తన వంతు కోసం చూస్తోంది.